నిప్పుకొండ ముంగిట మూడు రోజులు

"అగ్గిని చూడడానికి జపాను దాకా వెళ్ళాలా? నాలుగు రోజులు ఆగితే వీధిలో భోగిమంట వేస్తాము. దాని ముందు ఎంతసేపు కావాలంటే అంతసేపు నుంచోండి" అన్నది మా ఆవిడ, నేను పెట్టె సర్దుకుంటూ ఉంటే.

ఆమె మాట కొట్టివేయదగ్గది కాదు. కాని నా బాధ నాది. ముప్ఫై ఏళ్ళుగా బడిలో నల్లబల్ల మీద సుద్దముక్కతో అగ్నిపర్వతం బొమ్మ వేసి, మధ్యన ఎర్రసుద్దతో ఒక గొట్టం గీసి, "ఇది లావా, ఇది బూడిద" అని పిల్లలకు చెబుతున్నాను. ఒక్కసారి కూడా కళ్ళతో చూడని వస్తువును గురించి అంత ధీమాగా ఎట్లా మాట్లాడుతున్నానా అని ఈమధ్య నాకే సిగ్గు వేసింది. పైగా కెమేరా పిచ్చి ఒకటి చిన్నతనం నుంచీ ఉన్నది. మా అమ్మాయి జపానులో, ఫుకుఒకా నగరంలో ఉద్యోగం చేస్తున్నది. "సంక్రాంతి సెలవులకు రా నాన్నా. నీకు సాకురాజిమా చూపిస్తాను. అది పేలడం మానని కొండ" అన్నది. ఇక నేను ఆగుతానా! మా నాన్నగారికి ఎనభై దాటాయి. ఆయనను చూసుకోవాలి గనుక మా ఆవిడ రాలేదు. ఇన్ని మాటలు అన్న మనిషే, చలికి పనికివస్తుందని నా పెట్టెలో ఉన్నిశాలువ పెట్టింది.

ఫుకుఒకాలో రైలెక్కితే గంటన్నర లోపల కగోషిమాలో దింపింది. క్యూషూ దీవికి దక్షిణపు కొసన ఉన్న ఊరు. ఇంచుమించు ఆరు లక్షల జనం. ఊరి ముందు సముద్రపు పాయ. ఆ పాయకు అవతల, నాలుగు కిలోమీటర్ల దూరంలో, నీళ్ళలోంచి లేచినట్లు కొండ. బెజవాడలో కృష్ణకు ఇవతలి గట్టున మనమంతా కాపురాలు చేసుకుంటూ ఉంటే, అవతలి గట్టున నిప్పులు కక్కే కొండ కూర్చుని ఉన్నదనుకోండి. అచ్చం అట్లాగే ఉంటుంది. మనమైతే ఈ పాటికి ఊరు ఖాళీ చేసి ఉందుము. వాళ్ళు ట్రాములు నడుపుకుంటున్నారు, ఫలహారశాలల్లో కూర్చుని కొండ వంక చూస్తూ టీ తాగుతున్నారు.

ఈ కొండకు మూడు శిఖరాలు. ఉత్తరపు శిఖరం 1,117 మీటర్ల ఎత్తు. అది చల్లారి నిద్రపోతున్నది. పేలుతున్నది దక్షిణపు శిఖరం. 1955 అక్టోబరు 13న అది ఉన్నట్టుండి పేలింది. అప్పటికి కొండ ఎక్కి ఉన్న వాళ్ళలో ఒకరు చనిపోయారు, కొందరికి దెబ్బలు తగిలాయి. ఆనాటి నుంచి కొండ ఎక్కడం నిషేధం. బిలానికి రెండు కిలోమీటర్ల లోపలికి ఎవరినీ పోనివ్వరు. ఆ గీతకు ఇవతల ఉండి ఎంతసేపైనా చూడవచ్చు, ఎన్ని ఫొటోలైనా తీసుకోవచ్చు.

మొదటి రోజు ఊళ్ళోనే ఉన్న షిరోయామా అనే గుట్ట ఎక్కాము. 107 మీటర్ల ఎత్తు. 1877లో సైగో తకమోరి అనే వీరుడు ప్రభుత్వ సైన్యంతో పోరాడి ప్రాణాలు విడిచిన చోటు అది. అక్కడి నుంచి చూస్తే ఊరూ, సముద్రమూ, కొండా పటం కట్టినట్లు కనిపిస్తాయి. మూడుకాళ్ళ పీట మీద కెమేరా బిగించి మీట చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఒక గంట అయింది, రెండు గంటలు అయింది. కొండ మీద తెల్లటి ఆవిరి, మన ఇడ్లీపాత్ర మూత సందులోంచి వచ్చినట్లు, అట్లా వస్తూనే ఉన్నది. మూడో గంటకు చేతులు కొంకర్లు పోతే, శాలువ తీసుకుందామని సంచీలోకి వంగాను.

"నాన్నా! నాన్నా!" అని కేక వేసింది అమ్మాయి.

తలెత్తేసరికి కొండ నెత్తిన బూడిదరంగు కాలీఫ్లవరు పువ్వు ఒకటి విచ్చుకుని, పెరిగి పెరిగి, గాలికి అవతలి వైపు వాలిపోతున్నది. ఆ కంగారులో నేను మీట నొక్కిన మాట నిజమే. కాని కాలు తగిలి పీట వంగింది కాబోలు, ఆ ఫొటోలో పడ్డవి నా బూట్లు! విచిత్రమేమిటంటే, అంత పేలుడుకూ చప్పుడన్నది లేదు. "ఏం, మూగకొండా ఇది?" అంటూ ఉండగానే, దూరాన ఎవరో పెద్ద తలుపు వేసినట్లు 'దబ్బు' మన్నది. బిలం మాకు పది కిలోమీటర్ల దూరం. చప్పుడు ఒక కిలోమీటరు రావడానికి మూడు సెకండ్లు పడుతుంది. అంటే అరనిమిషం ఆలస్యంగా వచ్చిందన్నమాట. పాఠం చెప్పేవాణ్ణి, నాకే తట్టలేదు.

మరునాడు స్టీమరెక్కి దీవికి వెళ్ళాము. పదిహేను నిమిషాల ప్రయాణం. ఆ కాస్త వ్యవధిలోనే వేడివేడి సేమియావంటి ఊదోన్ తిని దిగేవాళ్ళున్నారు. దీవి అన్నానే గాని, ఇప్పుడది దీవి కాదు. 1914లో పేలినప్పుడు లావా ప్రవహించి, తూర్పున ఉన్న 400 మీటర్ల వెడల్పు జలసంధిని పూడ్చివేసింది. దీవి వెళ్ళి ఒడ్డుకు అతుక్కుపోయింది. ఆ లావా నేటికీ నల్లటి బండలై పడి ఉన్నది. వాటి సందుల్లోంచి దేవదారువంటి చెట్లు మొలిచాయి.

కొన్ని వేలమంది ఈ కొండ కింద కాపురం ఉంటున్నారు. బడికి వెళ్ళే పిల్లలు పచ్చటి హెల్మెట్లు పెట్టుకుని వరసగా నడిచివెడుతుంటే చామంతిపూల దండ కదిలినట్లున్నది. రోడ్డు పక్కన అక్కడక్కడ కాంక్రీటు గూళ్ళు కట్టారు. రాళ్ళు పడితే పరుగెత్తి తలదాచుకునేందుకు. సమాధుల మీద కూడా చిన్న కప్పులు వేశారు. బతికినన్నాళ్ళూ బూడిద దులుపుకుంటూనే ఉన్నారు గదా, పోయిన తరువాతనైనా పెద్దల నెత్తిన బూడిద పడనివ్వకూడదని! ఇంటింటికీ నగరపాలక సంఘం వారు పచ్చటి ప్లాస్టికు సంచులు ఇస్తారు. వాకిట్లో పడ్డ బూడిదను ఊడ్చి, ఆ సంచుల్లో నింపి, గుర్తుపెట్టిన చోట ఉంచితే బండి వచ్చి తీసుకుపోతుంది. ఆ సంచి పేరుకు అర్థం 'బూడిదను జయించే సంచి' అట. వాతావరణ వార్తల్లో వానా ఎండా చెప్పినట్లే, కొండ మీద గాలి ఎటు వీస్తున్నదో కూడా చెబుతారు. అది విని గాని గృహిణులు బట్టలు ఆరవేయరు. వేసవిలో గాలి ఊరి మీదికీ, చలికాలంలో తూర్పు దక్షిణాలకూ వీస్తుందట.

ఈ బూడిదనేలలో పండే ముల్లంగి మాత్రం చూసి తీరవలసిందే. గుండ్రంగా, మన మంచినీళ్ళ బిందెంత ఉంటుంది. ఇరవై ముప్ఫై కిలోలు తూగేవి కూడా ఉంటాయి. కమలాపళ్ళేమో గోలీకాయల కంటె కొంచెం పెద్దవి. పెద్దదాన్ని చిన్నదిగా, చిన్నదాన్ని పెద్దదిగా చేసే తమాషా ఏదో ఈ కొండకు తెలుసును.

మేము దిగిన బస ఒక పెద్దావిడది. డెబ్భై ఏళ్ళు ఉంటాయి. "మీకు భయం వేయదా?" అని అమ్మాయిచేత అడిగించాను. ఆవిడ నవ్వి, "గొణుగుతూ ఉన్నంతకాలం భయం లేదు. నోరు మూసుకుంటేనే రాత్రిళ్ళు నిద్ర పట్టదు" అన్నది. మా అమ్మాయి నా వైపు చూసి, "అచ్చం అమ్మను గురించి నువ్వు చెప్పినట్లే చెబుతున్నది నాన్నా" అన్నది.

మధ్యాహ్నం తూర్పువైపున కురోకామి అనే పల్లెకు వెళ్ళాము. అక్కడ ఒక గుడి ముందు రాతి తోరణం ఉన్నది. మూడు మీటర్ల ఎత్తుది. 1914 జనవరిలో ఒక్క రోజులో బూడిదలోనూ రాళ్ళలోనూ కూరుకుపోయి, పైన ఒక్క మీటరు మాత్రం మిగిలింది. ఊరివాళ్ళు తవ్వి తీద్దామని పూనుకుంటే, ఊరిపెద్ద వద్దన్నాడట. రాబోయే తరాలవాళ్ళు చూడాలి, అట్లాగే ఉంచండి అన్నాడు. ఉంచారు. నేను తోరణం పక్కన నుంచుంటే అడ్డకమ్మి నా నడుము దగ్గరకు వచ్చింది. నా కాళ్ళ కింద రెండు మీటర్ల లోతున ఒకప్పటి వీధి ఉన్నదన్నమాట. ఫొటో తీద్దామని వచ్చినవాణ్ణి చాలాసేపు ఊరికే నుంచున్నాను.

మూడో రోజు మనకు భోగి. పొద్దున్నే పెద్దావిడ ఒక మాట చెప్పింది: "కొండను అందరూ చూస్తారు. మీరు పంతులుగారంటున్నారు గదా, తూర్పు సాకురాజిమా బడి దగ్గర ఒక రాయి ఉన్నది, అది చూసి వెళ్ళండి."

వెళ్ళాము. నిలువెత్తు రాయి. మీద నిలువువరసల్లో పాతకాలపు లిపి. పక్కన ఉన్న వివరణ చూసుకుంటూ, తడుముకుంటూ, అమ్మాయి చదివి చెప్పింది. 1914 జనవరి 12న కొండ పేలడానికి రెండు మూడు రోజుల ముందు నుంచే భూమి కంపించసాగింది. ఒడ్డున వేడినీళ్ళు చిమ్మాయి. 1779లో పేలినప్పుడు కూడా ఇట్లాంటి గుర్తులే కనిపించాయని తాతలు చెప్పిన మాట పెట్టుకుని, చాలామంది పల్లెజనం పడవలెక్కి వెళ్ళిపోయారు. ఊరిపెద్ద మాత్రం చదువుకున్నవాడు. కగోషిమా వాతావరణ కేంద్రానికి మళ్ళీ మళ్ళీ కబురుచేసి అడిగాడు. సాకురాజిమా పేలదు అని జవాబు వచ్చింది. ఆ మాట నమ్మినవాళ్ళు ఉండిపోయారు. కొండ పేలింది. అప్పటికి పడవలు లేవు. జనవరి చలిలో సముద్రంలోకి దూకి ఈదారు. కొందరు ఒడ్డు చేరలేదు. ఆ సాయంత్రమే పెద్ద భూకంపం కూడా వచ్చింది. ఊళ్ళోనూ దీవిలోనూ కలిపి పోయినవాళ్ళు, జాడ తెలియనివాళ్ళు 58 మంది.

పదేళ్ళ తరువాత, 1924లో, ఊరివాళ్ళు ఈ రాయి నిలబెట్టారు. సిద్ధాంతాన్ని నమ్ముకుని కూర్చోవద్దు, వింత గుర్తులు కనిపించినప్పుడు ముందే బయలుదేరే ఏర్పాటు చేసుకోండి అని దాని సారాంశం.

ఇది విన్న తరువాత నాకు కాళ్ళు ఆడలేదు. ఇక్కడ ఒక సొంత సంగతి చెప్పక తప్పదు.

మాది దివిసీమ. 1977 నవంబరు 19 నాటికి నాకు పదేళ్ళు. ఆ పొద్దుట మా నాయనమ్మ కాలవకు వెళ్ళివచ్చి, "ఒరే అబ్బాయీ, కాలవ నీళ్ళు వెనక్కి నడుస్తున్నాయి. గేదెలు మేత ముట్టలేదు. గాలి మళ్ళిన తీరు నాకు నచ్చలేదు. పిల్లాణ్ణి తీసుకుని బడికి పోదాం పద, అది గట్టి కట్టడం" అన్నది. మా నాన్నగారూ బడిపంతులే. బడి తాళంచెవులు ఆయన జేబులోనే ఉన్నాయి. తుఫాను దక్షిణానికి పోతుందని నలుగురు చదువుకున్నవాళ్ళు అనుకోగా విని వచ్చారు. "నీకేం తెలుసమ్మా, ఊరుకో" అన్నారు. నాయనమ్మ ఊరుకున్నది. సాయంత్రానికి సముద్రం ఇంట్లోకి వచ్చింది. నాన్నగారు నన్ను వీపుకు కట్టుకుని తాడిచెట్టు పట్టుకున్నారు. అమ్మ పురిటికి గుడివాడ వెళ్ళి ఉండబట్టి బతికింది. నాయనమ్మ మళ్ళీ కనిపించలేదు. సీమలో పోయిన వేలమందిలో ఆవిడ ఒకతె. ఆనాటి మాట ఇన్నేళ్ళలో నాన్నగారి నోట ఒక్కసారి కూడా రాలేదు. మేమెవరమూ అడగనూ లేదు.

ఎక్కడి జపాను, ఎక్కడి దివిసీమ! ఆ ఊరిపెద్దా మా నాన్నగారూ ఇద్దరూ చెడ్డవాళ్ళు కారు, అజ్ఞానులూ కారు. చదువును గౌరవించినవాళ్ళు. కళ్ళెదుట కనిపిస్తున్నదాన్ని కంటె దూరాన్నుంచి వచ్చిన మాటను ఎక్కువగా నమ్మారు, అంతే. న్యాయానికి ఒక మాట చెప్పాలి. 1914లో శాస్త్రం చేతిలో ఉన్న పనిముట్లు చాలా తక్కువ. ఈనాడు క్యోతో విశ్వవిద్యాలయం వారి పరిశోధన కేంద్రం ఈ కొండ మీదనే ఉన్నది. కొండలో సొరంగాలు తవ్వి, నేల వెంట్రుకవాసి వంగినా పట్టుకునే యంత్రాలు పెట్టారు. లోపలి నుంచి ద్రవశిల వచ్చి చేరుతుంటే కొండ కొద్దిగా ఉబ్బుతుంది. పేలిన తరువాత తగ్గుతుంది. 2022 జూలై 24 రాత్రి రాళ్ళు రెండు కిలోమీటర్లు దాటి పడినప్పుడు, హెచ్చరికను అన్నిటికంటె పై మెట్టుకు ఎక్కించి, దగ్గరి పల్లెల్లో ఉన్న 51 మందిని వెళ్ళిపొమ్మన్నారు. ఒక్కరికీ దెబ్బ తగలలేదు. యంత్రాన్నీ చూస్తారు, కళ్ళతోనూ చూస్తారు. ఆ రెండు కిలోమీటర్ల గీత ఎవరో కాగితం మీద గీసినది కాదు. పోయినవాళ్ళు గీసి ఇచ్చి పోయినది.

ఆ సాయంత్రం అరిమురా అనే చోటికి వెళ్ళాము. లావాబండల మధ్య నడకదారి, బిలానికి మూడు కిలోమీటర్లు. పెద్దావిడ బలవంతంగా రెండు హెల్మెట్లు ఇచ్చి పంపింది. నుంచోబోయే ముందు కాంక్రీటు గూడు ఎటున్నదో, అందులోకి ఎన్ని అడుగులో చూసుకున్నాను. ఇరవై రెండు అడుగులు. నిన్నటి వరకు నాకీ ఆలోచనే రాలేదు.

చీకటి పడింది. కటకాన్ని అనంతానికి బిగించి, పదిహేను సెకండ్లు తెరచి ఉండేటట్లు పెట్టి, వరసగా మీట నొక్కుతూ పోయాను. పేలినప్పుడు తీద్దామంటే కుదరదు. తీస్తూ ఉండగా పేలాలి. సన్నటి బూడిద పిండిజల్లెడ పట్టినట్లు హెల్మెట్ల మీద రాలుతున్నది. కటకం మీద గుడ్డ కప్పడం, తుడవడం, మళ్ళీ తీయడం. ఒక గంట గడిచింది.

అప్పుడు కొండ నోరు తెరిచింది. చప్పుడు లేదు. ఎర్రటి నిప్పురవ్వలు గుత్తిగా లేచి, విడిపోయి, నింపాదిగా కొండవాలు మీద పడి దొర్లాయి. ఆ వెనుక నల్లటి పొగ. ఆ పొగలో తెల్లగా, వంకరగా ఒక మెరుపు! బూడిద రేణువులు ఒకదానితో ఒకటి రాచుకుని విద్యుత్తు పుట్టడం వల్ల వచ్చే మెరుపు అది. నాకు తెలియకుండానే నా నోటివెంట అర్జునుడి పేర్లు వచ్చాయి. చిన్నప్పుడు మెరుపు మెరిస్తే, ఉరిమేలోగా ఆ పది పేర్లూ చదవాలని నాయనమ్మ నేర్పింది. తొమ్మిదో పేరు దగ్గర ఉండగా చప్పుడు వచ్చింది. చెవులతో విన్నది కాదు, రొమ్ముమీద ఎవరో అరచేత్తో నెట్టినట్లు తగిలింది. అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నది.

మూడు కిలోమీటర్లు, తొమ్మిది సెకండ్లు. లెక్క సరిపోయింది. దూరంగా నుంచోవడం పిరికితనమని అదివరకు ఒక మూల అనుకునేవాణ్ణి. ఆ తొమ్మిది సెకండ్లలో తెలిసింది, ఆ దూరమే లేకపోతే ఆ అందాన్ని చూసి చెప్పడానికి మనిషి ఉండడని. ఫొటోలో రవ్వలూ మెరుపూ రెండూ పడ్డాయి. రాత్రి ఇంటికి ఫోను చేస్తే, "మీ భోగిమంట ఎట్లా ఉన్నది?" అన్నది మా ఆవిడ. "మనదాని కంటె కొంచెం పెద్దది" అన్నాను.

తిరిగి వచ్చిన తరువాత ఫొటోలన్నీ నాన్నగారికి చూపించాను. ముల్లంగి చూసి నవ్వారు. నిప్పురవ్వల ఫొటో చూసి "బాగుంది" అన్నారు. రాయి ఫొటో దగ్గర ఆగారు. ఏమిటిది అన్నట్లు చూశారు. చెప్పాలా వద్దా అని కొంచెంసేపు తటపటాయించి, ఉన్నది ఉన్నట్లు చెప్పాను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆ ఊరిపెద్ద బతికాడా?" అని అడిగారు.

"బతికాడు నాన్నా. ఇట్లాంటి రాయి ఒకటి ఉండాలని మొదట కోరినవాడు ఆయనేనట."

చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మీ నాయనమ్మ పొద్దుటే చెప్పిందిరా" అన్నారు. దాదాపు యాభై ఏళ్ళ తరువాత ఆ మాట ఆయన నోట అదే మొదటిసారి.

మా ఇంట్లో నాయనమ్మ ఫొటో లేదు. ఉన్న ఒక్కటీ ఆ నీళ్ళలోనే పోయింది. "ఆ నిప్పుల ఫొటో నీ దగ్గరే ఉంచుకో. ఈ రాయి ఫొటో పెద్దది చేయించి తీసుకురా" అన్నారు నాన్నగారు. చేయించి తెచ్చాను. ముందుగదిలో, దేవుడి పటాల పక్కన పెట్టించారు. ఇంటికి వచ్చిన పిల్లలు "ఇదేమిటి తాతగారూ?" అని అడిగితే, ఇప్పుడు ఆయనే దగ్గర కూర్చోబెట్టుకుని కథ చెబుతున్నారు. జపాను కథ ముందు, మా ఊరి కథ తరువాత.